పప్పు తింటే కుట్లు చీము పడతాయా? వార్డులో ఈ గోల ఎలా తట్టుకోవాలి (న్యూట్రిషన్ పేపర్ డౌట్లు కూడా ఇక్కడే)

#1 చిట్టి_సెకండ్‌సెమ్

నమస్తే అందరికీ. నేను బిఎస్సీ నర్సింగ్ సెకండ్ సెమ్. వచ్చే నెల అప్లైడ్ న్యూట్రిషన్ పేపర్ ఉంది, ఇప్పుడేమో సర్జికల్ వార్డులో పోస్టింగ్ నడుస్తోంది, రెండూ కలిసి నా బుర్ర తినేస్తున్నాయి.

మొదటిది ఎగ్జామ్ డౌట్. సీనియర్ అక్క ఇచ్చిన నోట్స్‌లో ఆడవాళ్ళకి రోజుకి ఐరన్ 21 మిల్లీగ్రాములు అని ఉంది, మా మేడం 29 అని చెప్పారు, ఫోన్‌లో వెతికితే 18 అని వస్తోంది. ఏది రాయాలి?

రెండోది వార్డు సంగతి. నా పేషెంటు ఒకావిడ, 38 ఏళ్ళు, అపెండిక్స్ పగిలి పొట్ట కోసి ఆపరేషన్ చేశారు, ఇవాళ ఆరో రోజు. సాఫ్ట్ డైట్, హై ప్రొటీన్ అని కేస్ షీట్‌లో రాసి ఉంది. కానీ వాళ్ళమ్మగారు పక్కనే కూర్చుని సగ్గుబియ్యం జావ, బ్రెడ్డు తప్ప ఇంకోటి పెట్టనివ్వట్లేదు. పప్పు పెట్టమంటే "నీకేం తెలుసమ్మా, పప్పు తింటే చీము పడుతుంది" అని నా మీదకి లేచారు. కుట్టు దగ్గర కొంచెం తడి కూడా కనిపిస్తోంది కాబట్టి ఆవిడకి ఇంకా బలం వచ్చింది. నేను పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను, ప్రొటీన్ ఉంటేనే గాయం మానుతుంది అని, ఆవిడ అసలు వినలేదు. ఏం చెయ్యాలి అక్కలూ?

#2 రాగిజావ

నేను డైటీషియన్‌ని, ముందు నంబర్ల పని పడతాను.

నీ సీనియర్ నోట్స్ 2010 నాటివి. వైద్య పరిశోధన మండలి ఐసిఎంఆర్, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ కలిసి 2020లో ఆ అంకెలన్నీ మార్చాయి. ఇప్పుడు ఆడవాళ్ళకి ఐరన్ 29, మగవాళ్ళకి 19, గర్భిణికి 27. నీకు ఫోన్‌లో వచ్చిన 18 అమెరికా వాళ్ళది, అది మర్చిపో. వాళ్ళు తినే మాంసంలో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, మన అన్నం పప్పులో ఉన్నది తక్కువ పడుతుంది, అందుకే మన అంకె పెద్దది. ఈ ఒక్క లైను రాస్తే ఎగ్జామినర్ పెన్ను ఆగుతుంది.

ప్రొటీన్ ఇదివరకు కిలోకి 1 గ్రాము అనేవాళ్ళం, ఇప్పుడు 0.83. రిఫరెన్స్ మగమనిషి 65 కిలోలు, ఆడమనిషి 55 కిలోలు, అంటే సుమారు 54 గ్రాములు, 46 గ్రాములు. పెద్దగా ఒళ్ళు వంచని మగవాళ్ళకి 2110 కిలోకేలరీలు, ఆడవాళ్ళకి 1660. గర్భిణికి అదనంగా 350, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు అదనంగా 600. ఇవి బట్టీ పట్టెయ్. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ లెక్కలు. నీ పేషెంటుకి ఇవి పనికిరావు, ఆవిడకి ఇంకా ఎక్కువ కావాలి.

ఆవిడ బరువెంత? నిన్న పొద్దున్నించీ రాత్రి దాకా ఏం తిన్నారో ఒక్కొక్కటీ రాసి పెట్టగలవా?

#3 చిట్టి_సెకండ్‌సెమ్

48 కిలోలు మేడం. నిన్న రెండు ఇడ్లీలు, అదీ చట్నీ లేకుండా పంచదారతో. సగ్గుబియ్యం జావ మూడు గ్లాసులు. బ్రెడ్డు నాలుగు ముక్కలు. రాత్రి ఒక గ్లాసు పాలు. అంతే.

#4 రాగిజావ

చూడు. రెండు ఇడ్లీలకి 4 గ్రాములు, బ్రెడ్డుకి 8, పాలకి 6 లేదా 7. సగ్గుబియ్యానికి దాదాపు సున్నా, అది ఉత్త పిండిపదార్థం, కడుపు నిండినట్టు ఉంటుంది కానీ గాయానికి ఏమీ ఇవ్వదు. మొత్తం కలిపితే 20 దాటలేదు. ఆపరేషన్ అయిన మనిషికి కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు అనుకుంటాం, అంటే 58 నుంచి 72. మూడో వంతు తింటోంది. ఆరు రోజులుగా ఇంతే అయితే ఆ తడికి కారణాల్లో ఇదీ ఒకటి అయి ఉండొచ్చు. తడి సంగతి మాత్రం ఇక్కడ మాతో చర్చించడం కాదు, ఇవాళే స్టాఫ్‌కి చూపించు, రంగు, వాసన, జ్వరం ఉందా లేదా అన్నీ చెప్పు.

#5 ఐసియు_అక్క

చిట్టీ, 19 ఏళ్ళ సర్వీసు నాది. ఈ పప్పు చీము గొడవ మొదటి రోజు ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. పప్పు, వంకాయ, గోంగూర, దుంపలు, కొందరికి కోడిగుడ్డు కూడా. ఎక్కడినించి వచ్చిందో పుస్తకాల్లో నాకు కనిపించలేదు కానీ నా లెక్క ఒకటుంది. ఆపరేషన్ గాయం చీము పట్టేది ఉంటే చాలామందికి ఐదో రోజో ఏడో రోజో బయటపడుతుంది. సరిగ్గా అప్పుడే కదా మనం జావలు మాన్పించి అన్నం పప్పు మొదలుపెట్టేది! పప్పు పెట్టిన మర్నాడు చీము కనపడితే ఏ తల్లైనా ఏమనుకుంటుంది? పప్పే చేసింది అనుకుంటుంది. ఆవిడ మూర్ఖురాలు కాదు, కళ్ళారా చూసింది, కారణమే తప్పు పట్టుకుంది.

అందుకని వాదన పెట్టుకోకు. నువ్వు యూనిఫాం వేసుకున్న 19 ఏళ్ళ పిల్లవి, ఆవిడ నలుగురు పిల్లల్ని కని పెంచిన మనిషి, వాదిస్తే నువ్వే ఓడిపోతావు. కందిపప్పు మాట ఎత్తొద్దు. "అమ్మమ్మా, పప్పు వద్దులే, పెసరకట్టు చేసి తెస్తావా పల్చగా, కొంచెం జీలకర్ర వేసి" అని అడుగు. పెసరపప్పు మన ఇళ్ళల్లో పత్యానికి చెల్లుతుంది. నూటికి తొంభైమంది ఒప్పుకుంటారు, నేను చెప్తున్నా కదా. బీరకాయ కూర చెల్లుతుంది. ఇడ్లీలోనూ మినపప్పే ఉంది, అది తింటున్నారు కదా, దానికి పేరు మారింది అంతే. పాలు రెండు గ్లాసులు చెయ్యి, డాక్టర్ సరే అంటే పెరుగు, గుడ్డు తెల్లసొన. కట్టు అంటే మరీ నీళ్ళలా పైతేట తెస్తారు, "అడుగున పప్పు కూడా మెదిపి కలపమ్మా" అని చెప్పాలి, లేకపోతే పసుపు నీళ్ళు తాగించినట్టే.

#6 ఓరుగల్లు_బ్రదర్

అక్క చెప్పింది కరెక్ట్. నేను ఒక మాట యాడ్ చేస్త. పేషెంట్ని అడిగే పద్ధతి మనకు కాలేజీల ఎవ్వరు నేర్పరు. "భోజనం చేసిన్రా" అంటే లేదు అంటరు. నిజమే, భోజనం చెయ్యలే, నాలుగు ఇడ్లీలు తిన్నరు! మనోళ్ళకు టిఫిన్ భోజనం కాదు, పండు తినుడు కాదు, చాయ్ అయితే లెక్కకే రాదు. ఆపరేషన్ కేసులల్ల ఇది ఘోరం. ఒక హెర్నియా పేషెంట్‌ని రాత్రి 10 నుంచి ఏం తినొద్దు అని చెప్పి పంపిన్రు. పొద్దుగాల థియేటర్‌కు తీస్కపోయే ముందు నేను అడిగిన, ఏమన్న తిన్నవా పెద్దాయనా అంటే "ఏం తినలే బిడ్డా" అన్నడు. మీసం మీద పాల మీగడ ఉంది. ఏంది ఇది అంటే "చాయ్ తాగిన, తినొద్దన్నరు గని తాగొద్దు అనలే గదా"! ఆయన తప్పేం లేదు, మనం చెప్పినదే గట్ల ఉంది. కేసు మధ్యాహ్నానికి జరిగింది.

అందుకే తిన్నరా అని కాదు, తాగిన్రా అని వేరుగ అడగాలె. ఎప్పుడు, ఏం, ఎంత. మామూలుగ లెక్క తేలిక తిండికి, పాలకు 6 గంటలు, తల్లి పాలకు 4, నీళ్ళ లాంటి వాటికి 2. పాలు పోసిన చాయ్ నీళ్ళ లెక్కల రాదు, పాల లెక్కల వస్తది.

#7 మామూలు_మనిషి

నేను నర్సుని కాను, పేషెంటు తాలూకా మనిషిని, పోయినేడాది మా నాన్నతో 22 రోజులు హాస్పిటల్‌లో ఉన్నాను. ఊరి పేరు, హాస్పిటల్ పేరు ఎందుకులెండి. మీరంతా అటెండెంట్లకి ఏం తెలీదు అన్నట్టు రాస్తున్నారు. మాకు చెప్పేవాళ్ళెవరు? డిశ్చార్జి షీట్‌లో "డయాబెటిక్ డైట్" అని రెండు ముక్కలు రాసిచ్చారు, అంటే ఏంటని అడిగితే సిస్టర్ "అన్నం తగ్గించండి, చపాతీ పెట్టండి" అంది. మా నాన్నకి పళ్ళు లేవు. చపాతీ ఎలా నమిలేది? ఐదు చపాతీలు పాలలో నానబెట్టి పెట్టాం, షుగర్ ఇంకా పెరిగింది. మా నాయనమ్మ పత్యమే నయం, కనీసం ఎవరికి ఏం పెట్టాలో ఆమెకి ఒక లెక్కుండేది.

#8 ట్యూటర్_మేడం

మామూలు_మనిషి గారూ, మీరు చెప్పింది మా అందరికీ తగలాల్సిందే. నేను 11 ఏళ్ళుగా పాఠం చెప్తున్నాను, డయాబెటిక్ డైట్ మీద 10 మార్కుల ప్రశ్నకి పిల్లలు నాలుగు పేజీలు రాస్తారు, అదే పిల్లలు మంచం దగ్గర "స్వీట్లు తినకండి" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తారు. గోధుమైనా బియ్యమైనా పిండిపదార్థమే, ఎంత తిన్నారు, దాంతో పాటు ఏం తిన్నారు అన్నది ముఖ్యం. మీ నాన్నగారికి మెత్తగా ఉడికించిన అన్నం ఒక కప్పు, పప్పు, మెత్తటి కూర, పెరుగు అని కొలతతో చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు షుగర్ ఎలా ఉందో చూసి డాక్టర్‌తో, డైటీషియన్‌తో ఒకసారి కూర్చోండి.

చిట్టీ, నీ పేపర్ సంగతి కూడా. కొత్త సిలబస్‌లో బయోకెమిస్ట్రీ ఒక సెక్షన్, న్యూట్రిషన్ ఒక సెక్షన్, రెండూ ఒకే పేపర్. పిల్లలు బయోకెమిస్ట్రీకి భయపడి న్యూట్రిషన్‌ని చివరి రెండు రోజులకి వదిలేస్తారు, అక్కడే మార్కులు పోతాయి.

#9 జీఎన్‌ఎం_2009

షుగర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, హైపో (షుగర్ బాగా పడిపోవడం) వస్తే వెంటనే మూడు స్పూన్ల గ్లూకోజ్ నోట్లో పోసెయ్యాలి, తెలివి లేకపోయినా దవడలో పెట్టేస్తే కరిగి లోపలికి పోతుంది, నేను ఎన్నోసార్లు చేశాను.

#10 ఐసియు_అక్క

ఆ మాట దయచేసి ఎవరూ పాటించకండి. తెలివి ఉండి మింగగలిగితేనే నోటి ద్వారా. తెలివి లేని మనిషి నోట్లో నీళ్ళు పోసినా, తడిపిన గ్లూకోజ్ పెట్టినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, షుగర్ బాగుచెయ్యబోయి న్యుమోనియా తెచ్చినట్టు అవుతుంది. అలాంటప్పుడు డాక్టర్‌ని పిలవడం, ఐవి లైన్ చూసుకోవడం, ఆర్డర్ ప్రకారం 25 శాతం డెక్స్‌ట్రోజ్. తెలివిగా ఉంటే మాత్రం నువ్వు చెప్పిన మూడు స్పూన్లు సరైనదే, 15 గ్రాములు అవుతుంది. షుగర్ 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాములు ఇచ్చి 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే, పెరిగాక ఏదైనా తిండి పెట్టాలి. చాక్లెట్లు బిస్కెట్లు వద్దు, వాటిలో కొవ్వు ఉండి షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది.

#11 ఓరుగల్లు_బ్రదర్

హైపో అంటే నాకు ఒక శనివారం యాదికొస్తది. నేను కొత్తగ చేరిన రోజులు, ఏ హాస్పిటలో చెప్ప. పొద్దున ఏడున్నరకు ఒక పెద్దమ్మకు రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చిన, షుగర్ చూసి, ఆర్డర్ చూసి, డోసు ఇంకో సిస్టర్‌తోని చెక్ చేయించి, అంత రూలు ప్రకారమే. టిఫిన్ ట్రే ఎనిమిదింటికి వచ్చింది, నేను వేరే మంచం కాడ డ్రెస్సింగ్‌ల ఉన్న. తొమ్మిదింటికి మళ్ళ వస్తే పెద్దమ్మ నెత్తి మీద చెమటలు, దిండు తడిసిపోయింది, చెయ్యి వణుకుతున్నది, పేరు అడిగితే ఏదో చెప్తున్నది. షుగర్ 48. ట్రే చూస్తే మూత కూడ తియ్యలే. ఆమెకు శనివారం ఒక్కపొద్దు! వెంకన్నకు మొక్కిందట, రాత్రి ఒక్కపూటనే తింటదట, 30 ఏళ్ళ నుంచి. ఆమె మింగగలిగింది గనక గ్లూకోజ్ నీళ్ళతోని తేరుకుంది.

ఆమె నాకు చెప్పలే ఎందుకంటే నేను అడగలే. గప్పటి నుంచి ఇన్సులిన్ సిరంజి పట్టుకునే ముందు నా మొదటి ప్రశ్న, ఇయ్యాల ఉపాసం ఉన్నవా. శనివారం, సోమవారం, ఏకాదశి, రంజాన్ రోజా, శుక్రవారం ప్రార్థన ఉపవాసం, ఎవలకు ఏది ఉన్నదో మొదటి రోజే అడ్మిషన్‌ల రాస్త. ట్రే కంటి ముందు ఉంటెనే సూది. ఉపాసం మానమని చెప్పను, డాక్టర్‌కు చెప్పి డోసు సంగతి తేల్చుకుంట.

#12 చిట్టి_సెకండ్‌సెమ్

బ్రదర్ గారూ, ఇది చదివి నాకే చెమటలు పట్టాయి. మేము అడ్మిషన్ హిస్టరీలో వెజ్ ఆ నాన్‌వెజ్ ఆ అని ఒక్కటే అడుగుతున్నాం.

ఇంకో డౌట్. రేపటి నుంచి ఆర్‌టి ఫీడింగ్, అంటే ముక్కులోంచి పొట్టలోకి వేసిన ట్యూబుతో తిండి పొయ్యడం, నేర్పిస్తారట. ట్యూబు పొట్టలోనే ఉందో లేదో చూడటానికి గాలి కొట్టి స్టెత్‌తో వినాలి, అంతే కదా?

#13 లక్ష్మి_లీడ్స్

హాయ్ చిట్టీ, నేను గుంటూరులో చదివి ఇప్పుడు యూకేలో స్ట్రోక్ వార్డులో చేస్తున్నాను. ఇక్కడ గాలి కొట్టి వినే పద్ధతి వాడనివ్వరు. ట్యూబు కొస ఊపిరితిత్తుల్లోనో అన్నవాహికలోనో ఉన్నా ఆ గడగడ శబ్దం పైకి వినిపిస్తుంది, అందుకే నమ్మడానికి లేదు. సిరంజితో కొంచెం లాగి, వచ్చిన ద్రవాన్ని పిహెచ్ పేపర్ (ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) మీద వేస్తాం, 5.5 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే ఫీడ్. రాకపోయినా, ఎక్కువ ఉన్నా ఎక్స్‌రే. ఊపిరితిత్తుల్లో ఉన్న ట్యూబులో ఫీడ్ పోస్తే దాన్ని ఇక్కడ "నెవర్ ఈవెంట్" అంటారు, అసలు జరగకూడని తప్పు అని, పెద్ద ఎంక్వయిరీ నడుస్తుంది. ఇంకో సంగతి, గ్యాస్ మాత్రలు వేసుకునే వాళ్ళకి పిహెచ్ ఎక్కువ చూపించొచ్చు, కంగారు పడక్కర్లేదు, కానీ ఎక్స్‌రే లేకుండా పొయ్యకూడదు.

#14 ట్యూటర్_మేడం

వైవాలో పద్ధతులన్నీ చెప్పమంటారు, గాలి పద్ధతి కూడా చెప్పు, కానీ వెంటనే "అది ఒక్కటే నమ్మదగ్గది కాదు, మొదటిసారి వేశాక ఎక్స్‌రేతో ఖాయం చేసుకోవాలి" అని కలుపు. పొడవు కొలవడం ముక్కు కొస నుంచి చెవి తమ్మెకి, అక్కడి నుంచి రొమ్ము ఎముక చివరికి. ఆ గుర్తు దగ్గర టేపు వేసి నంబరు రాసుకో, ప్రతి ఫీడ్‌కీ ముందు ఆ నంబరు జరిగిందేమో చూడు. దగ్గు, వాంతి వస్తే ట్యూబు కదిలిపోతుంది, ముక్కు దగ్గర మామూలుగానే కనిపిస్తుంది.

#15 ఐసియు_అక్క

ఫీడ్ పొయ్యడంలో మన పిల్లలు చేసే తప్పులు నేను చెప్తా. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపాలి, అందరికీ తెలుసు. కానీ దిండు ఒకటి పెట్టి లేపామనుకుంటారు, అది మెడ వంచడమే, మంచం లేవాలి. పోశాక కనీసం అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి, కానీ సరిగ్గా అప్పుడే ఆయా వచ్చి బెడ్‌షీట్ మార్చడానికి మంచం పడుకోబెట్టేస్తుంది. కాబట్టి ముందు బెడ్డు పని, మలమూత్రాలు, పొజిషన్ అన్నీ అయ్యాక ఫీడ్.

సిరంజి పిస్టన్‌తో తొయ్యకు. పిస్టన్ తీసేసి బారెల్ ఎత్తి పట్టుకుంటే దానంతట అదే దిగుతుంది, చెయ్యి నొప్పి పుట్టినా సరే. ముందు 30 మిల్లీలీటర్లు, తర్వాత 30 మిల్లీలీటర్లు నీళ్ళు. ఈ నీళ్ళు కూడా ఇన్‌టేక్‌లో రాయాలి, రోజుకి ఎనిమిది ఫీడ్లు అంటే దాదాపు అరలీటరు నీళ్ళు లెక్క తప్పిపోతాయి.

ఇంట్లో చేసి తెచ్చే ఫీడ్ అయితే వడకట్టాలి. మొన్న ఒకాయన రాగిజావ తెచ్చాడు, చిక్కగా, కమ్మగా, నెయ్యి వాసనతో, ప్రేమగా చేసుకొచ్చాడు పాపం, ట్యూబు బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళతో మెల్లగా లాగీ తోసీ 40 నిమిషాలు పట్టింది. పొద్దున చేసిన జావ ఫ్లాస్కులో పెట్టి మధ్యాహ్నం దాకా వాడతామంటారు, వద్దని చెప్పాలి. మాత్రలు కూడా, పొడి చెయ్యకూడనివి ఉంటాయి, ఎస్‌ఆర్ అని ఉన్నవి (మెల్లగా కరగాల్సినవి), పైన కోటింగ్ ఉన్నవి. అడక్కుండా దంచకు.

#16 ఉద్దానం_పిల్ల

నేను డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. మా పేషెంట్లలో ఉద్దానం వైపు వాళ్ళే ఎక్కువ, సోంపేట, కవిటి, కంచిలి, పలాస. అదంతా కొబ్బరి, జీడి తోటల సీమ. పొలం పని చేసి వచ్చి బొండాం కొట్టుకుని తాగడం అక్కడ మంచినీళ్ళు తాగినంత మామూలు. అలాంటోళ్ళకి కొబ్బరినీళ్ళు వద్దు అని చెప్పాలంటే నోరు రాదు. చూడ్డానికి వచ్చిన బంధువులు కూడా బొండాలు, బత్తాయిలు, అరటిపళ్ళే తెస్తారు, పేషెంటు అంటే అవే కదా మన చేతిలో ఉండేవి. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో 500 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. కిడ్నీ పని చెయ్యని మనిషికి అది బయటకి పోయే దారి లేదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఇంకో మోసం, లో సోడియం ఉప్పు. బీపీకి మంచిదని కొడుకులు సూపర్‌మార్కెట్ నుంచి కొనుక్కొస్తారు. అందులో సోడియం తగ్గించి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మా పేషెంట్లకి అది ఉప్పు కాదు, విషం కిందే లెక్క. ప్యాకెట్ తెప్పించి వెనక చదివి చూపిస్తాను నేనైతే.

నీళ్ళ లెక్క కూడా. నిన్నటి మూత్రం ఎంతో దానికి 500 మిల్లీలీటర్లు కలిపి ఇవాళ తాగొచ్చు అంటాం. సార్ ఏం తాగారు అంటే "అర లీటరే అమ్మా" అంటారు. చారు? "అది అన్నంలోకి." మజ్జిగ? "అది అన్నంలోకి." ఐసు ముక్కలు? "అవి చప్పరించాను." ఒకాయన రెండు సెషన్ల మధ్య నాలుగున్నర కిలోలు పెరిగి వచ్చారు, వాళ్ళావిడ లెక్కలో మాత్రం నీళ్ళు అర లీటరే. అబద్ధం కాదు, మన తెలుగులో చారు తింటాం గానీ తాగం కదా.

కూరలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుకోమంటాం. ప్రొటీన్ దగ్గర జాగ్రత్త, డయాలసిస్ మొదలుకాక ముందు తగ్గించమంటారు, కిలోకి 0.6 నుంచి 0.8 దాకా, మొదలయ్యాక పెంచాలి, 1 నుంచి 1.2. పాత డైట్ చార్టే గోడకి అంటించుకుని ఎండిపోయినవాళ్ళని చూశాను.

#17 మామూలు_మనిషి

చారు తింటాం గానీ తాగం. నిజమే సుమా. ఇన్నాళ్ళూ అలా ఆలోచించనేలేదు. ఇలా ఒక్కరు చెప్పి ఉంటే మేమూ గొడవ పడేవాళ్ళం కాదు.

#18 చిట్టి_సెకండ్‌సెమ్

లక్ష్మి అక్కా, స్ట్రోక్ పేషెంటుకి నోటితో ఎలా పెట్టాలో కూడా చెప్పవా? మా వార్డులో ఒక తాతగారు ఉన్నారు, కుడిపక్క పడిపోయింది, వాళ్ళబ్బాయి పడుకోబెట్టి చెంచాతో పాలు పోస్తుంటే నేనే చూశాను.

#19 లక్ష్మి_లీడ్స్

పడుకోబెట్టి పాలు! వెంటనే ఆపించాల్సిన పని అది. స్ట్రోక్ అనగానే మింగగలరో లేదో పరీక్ష చేసేదాకా నోట్లోకి నీళ్ళ చుక్క కూడా వద్దు. పాస్ అయ్యాక కూడా నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి, మంచిగా పనిచేసే పక్క నుంచి చిన్న చెంచాతో. మింగాక ఇంకో చెంచా. అటెండెంట్లు ప్రేమకొద్దీ వెంటవెంటనే కుక్కుతారు. పల్చటి నీళ్ళే ఎక్కువ ప్రమాదం, చిక్కటి జావ కంటే నీళ్ళు గబుక్కున జారిపోతాయి. గొంతు గరగరలాడుతుంటే, దగ్గు వస్తే ఆపెయ్. దగ్గు రాలేదు కాబట్టి బాగానే ఉంది అనుకోకు, కొందరికి లోపలికి పోతున్నా దగ్గు రాదు. అయ్యాక పక్షవాతం వచ్చిన వైపు దవడలో వేలితో కాదు, టార్చి వేసి చూడు. నేను ఒకసారి చూస్తే పొద్దున పెట్టిన టోస్టు ముక్క మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది.

ఇక్కడ చేరగానే ప్రతి పేషెంటుకీ మస్ట్ అని ఒక స్కోరు వేస్తాం. బరువూ ఎత్తూ, మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా తగ్గిన బరువు, ఐదు రోజులకి మించి తిండి లేకపోయే జబ్బు ఉందా అని. 2 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డైటీషియన్‌కి వెళ్తుంది. తినిపించాల్సిన పేషెంటుకి ఎర్ర ట్రే వస్తుంది, ఎర్ర ట్రే తీసేటప్పుడు ఎంత మిగిలిందో రాయకుండా తియ్యకూడదు. మన దగ్గర ఆ ట్రేలు లేకపోయినా పర్లేదు, మూత తీసి చూడటానికి డబ్బులక్కర్లేదు కదా.

#20 రాగిజావ

చాలా రోజులు తిండి లేకుండా వచ్చినవాళ్ళ గురించి ఒక ముక్క, పేపర్‌లోనూ వస్తుంది. పది రోజులకి పైగా ఏమీ తినని మనిషికి, రోజూ తాగి తిండి మానేసిన మనిషికి, జాలిపడి ఒక్కసారే ఫుల్‌గా పెట్టకూడదు. ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. దాన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు, గుండె ఆగే ప్రమాదం కూడా ఉంది. కిలోకి 10 కేలరీల దగ్గర మొదలుపెట్టి రోజురోజుకీ పెంచుతారు, దానికంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఖైదు నుంచి విడిపించినవాళ్ళలో ఆకలికి తట్టుకుని బతికి, తిండి పెట్టాక చనిపోయినవాళ్ళు ఉన్నారు.

#21 జీఎన్‌ఎం_2009

పైన నేను రాసిన దవడ గ్లూకోజ్ విషయం తప్పే, ఒప్పుకుంటున్నా. మాకు ఆ రోజుల్లో అలాగే చూపించారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏం కాలేదు.

బాలింతల గురించి ఎవరూ రాయలేదేంటి? మా పిహెచ్‌సిలో అదే పెద్ద యుద్ధం. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని రోజుకి రెండు గ్లాసులే ఇస్తారు, ఎర్రటి ఎండాకాలంలో! వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం, అంతే. నెయ్యి, వెల్లుల్లి నేను మాన్పించను. మునగాకు, మెంతికూర కలపమంటాను, పాలలోనో జావలోనో నీళ్ళు లోపలికి పంపిస్తాను, బిడ్డకి పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పెట్టమంటాను. చల్లనీళ్ళంటే కొడతారు, గోరువెచ్చనివి అంటే సరే అంటారు. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని కూడా చెప్పాలి, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది.

#22 చిట్టి_సెకండ్‌సెమ్

అందరికీ అప్‌డేట్.

తడి సంగతి స్టాఫ్ అక్కకి చూపించాను, సర్ వచ్చి చూశారు, ఒక కుట్టు తీసి శుభ్రం చేసి స్వాబ్ పరీక్షకి పంపారు, జ్వరం లేదు. డ్రెస్సింగ్ రోజూ మారుస్తున్నారు.

అమ్మమ్మ దగ్గర పప్పు అనే మాటే తియ్యలేదు. పెసరకట్టు అడిగాను. "అది పత్యమే కదా, ముందే చెప్పొచ్చుగా" అని నన్నే తిట్టింది. మర్నాడు స్టీలు క్యారేజీలో తెచ్చింది, నేను గరిటె పెట్టి అడుగు నుంచి కలిపి చూశాను, మెదిపిన పప్పు ఉంది. పేషెంటు అరకప్పు తాగింది, నేను చార్టులో అరకప్పు అనే రాశాను. సాయంత్రం ఒక తెల్లసొన. పాలు రెండు గ్లాసులు అయ్యాయి. ఇవాళ అన్నీ కూడితే 38 గ్రాములు వచ్చింది రాగిజావ మేడం, ఇంకా 58కి చేరలేదు.

తాతగారి కొడుకుకి కూర్చోబెట్టి చూపించాను, మింగే పరీక్షకి రాశారు. వెళ్తుంటే అమ్మమ్మ పిలిచి "నువ్వు తిన్నావా" అని అడిగింది. టిఫిన్ చేశానని చెప్పాను. "టిఫిన్ కాదమ్మా, అన్నం" అంది.

#23 రాగిజావ

38 బాగుంది. రేపు రాత్రి పాలలో రెండు స్పూన్లు పాలపొడి కలపమను, గ్లాసు పెరగకుండా ప్రొటీన్ పెరుగుతుంది. షుగర్ లేదు కదా ఆవిడకి?

#24 చిట్టి_సెకండ్‌సెమ్

లేదు మేడం. శనివారాలు కూడా అడిగాను, ఒక్కపొద్దు లేదట, కానీ మంగళవారం గుడ్డు తినరట. రాసి పెట్టుకున్నాను.